ప్రజారోగ్య సేవలు, పంచాయతీ పర్యవేక్షణ: ఏలూరు నేర్పిన పాఠము

ప్రజల పోషణస్థాయిని, జీవనస్థాయిని పెంపొందించుట, ప్రజారోగ్యమును మెరుగుపరచుట ప్రభుత్వముయొక్క ప్రథమ కర్తవ్యములలోనివని భారత రాజ్యాంగము 47వ అధికరణమున నిర్దేశించినది. ఆ కర్తవ్యము రాజధానిలోని కార్యాలయములకు మాత్రమే పరిమితమైనది కాదు. 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందు 11వది త్రాగునీరు. 23వది ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, డిస్పెన్సరీలతో కూడిన ఆరోగ్యము, పారిశుద్ధ్యము. షెడ్యూలులో ఈ రెండును వేర్వేరు వరుసలలో ఉన్నను, గ్రామమున ఇవి ఒకే విషయము.

వైద్యులను నియమించుట, మందులు సరఫరా చేయుట ప్రభుత్వ శాఖల పని. అయితే వైద్యుడు వచ్చెనా, మందు అందెనా, కుళాయి నీటి రంగు మారెనా అను సంగతులు ముందుగా తెలియునది గ్రామస్థులకే. తెలిసిన దానిని అడిగి, వ్రాసి, పై అధికారులకు చేర్చుటయే పర్యవేక్షణ. దాని విలువ యెంతటిదో ఏలూరు ప్రజలకు 2020 సంవత్సరమున అనుభవమునకు వచ్చినది.

ఏలూరులో ఏమి జరిగినది?

2020 డిసెంబరు మొదటి వారము చివర, ఏలూరు నగరమున ఒకటవ పట్టణ ప్రాంతములో ప్రజలు అకస్మాత్తుగా స్పృహతప్పి పడిపోసాగిరి. కొందరికి ఫిట్సు, కొందరికి నోటివెంట నురుగు, మరికొందరికి తలనొప్పి, కడుపులో వికారము కలిగినవి. పిల్లలు, పెద్దలు అను భేదము లేక బాధితులు జిల్లా ప్రభుత్వాసుపత్రికి వచ్చిరి. కొలది దినములలోనే వారి సంఖ్య అయిదువందలను మించినది. నగరమునకే గాక సమీప గ్రామములకును ఈ బాధ సోకినది. 45 సంవత్సరముల వ్యక్తి యొకరు తొలి దినములలోనే మృతినొందిరి. పరిస్థితి విషమించిన వారిని విజయవాడ, గుంటూరు ఆసుపత్రులకు తరలించిరి. తక్కినవారిలో పెక్కురు ఒకటి రెండు దినములలో కోలుకొని ఇండ్లకు చేరిరి.

అది కోవిడ్ వ్యాపించియున్న కాలము. ముందుగా ఆ పరీక్ష చేసిరి. అది కాదని తేలినది. ఒకరినుండి యొకరికి అంటు వ్యాధియు కాదని స్పష్టమైనది. తొలి నీటి పరీక్షలలో దోషము కనబడలేదని ప్రకటించిరి. పిమ్మట ఢిల్లీలోని ఎయిమ్స్ సంస్థ రోగుల రక్తమున సీసము, నికెల్ లోహములు ఉన్నట్లు కనుగొన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రక్త నమూనాలలో పురుగుమందుల అవశేషములను గుర్తించినది. నాగపూరులోని నీరి సంస్థ నీటిని పరీక్షించినది. డిసెంబరు 16న జరిగిన ఉన్నతస్థాయి సమీక్షలో, పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణమని ఎయిమ్స్, నీరి నిపుణులు అభిప్రాయపడిరి. అవి ఏ మార్గమున శరీరములోనికి ప్రవేశించినవో తేల్చుటకు ఇంకను పరిశోధన అవసరమనియు చెప్పిరి.

ఇందు గమనింపవలసిన విషయము రెండు విధములుగా నున్నది. ఆసుపత్రిలోని వైద్యులు, నర్సులు, ఇంటింటికి తిరిగిన ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు రేయింబవళ్లు పనిచేసిరి. అందుచేతనే ప్రాణనష్టము తగ్గినది. కాని రోగికి చికిత్స చేయుట యొకటి, రోగము ఎచ్చటినుండి వచ్చెనో కనుగొనుట వేరొకటి. నేడు నీటిలో సీసము కనబడినచో, అది నేడు వచ్చినదా, యేడాదిగా ఉన్నదా అని చెప్పుటకు నిన్నటి లెక్క కావలెను. నిన్నటి లెక్క లేనిచోట అన్వేషణ రోగము వచ్చిన తరువాతనే ఆరంభమగును. ఈ లెక్కను నిలుపవలసినవారిలో పంచాయతీ మొదటిది.

ఒకే కాలువ, అనేక గ్రామములు

ఈ సీమ నీటి సంగతి విశేషమైనది. ధవళేశ్వరమున గోదావరిపై ఆనకట్ట 1852లోను, విజయవాడవద్ద కృష్ణపై ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. గోదావరి కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరునకు వచ్చుచున్నది. కృష్ణ కాలువ విజయవాడనుండి వచ్చుచున్నది. ఈ విధముగా రెండు నదుల నీరును ఏలూరువద్ద కలియుచున్నది. రెండు డెల్టాల నడుమనున్న కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మున్నగునవి పడుచున్నవి. సరస్సునుండి సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు ఒక్కటే.

కొల్లేటి చుట్టుపట్ల పెక్కు గ్రామములలో భూగర్భజలము ఉప్పగానుండును. కావున కాలువ నీటిని మంచినీటి చెరువులకు పెట్టి, ఫిల్టరు బెడ్లద్వారా వడకట్టి, ఓవర్‌హెడ్ ట్యాంకునకు ఎక్కించి వీధులకు పంపుదురు. వేసవిలో కాలువలు కట్టివేయునప్పుడు ఆ చెరువు నీరే ఊరికి ఆధారము. కాలువలు కట్టుటకు ముందు చెరువు నింపుట సభ్యులందరకు తెలిసిన పనియే. ఏ నీటితో నింపుచున్నాము అన్నది అంతకన్న ముఖ్యము.

ఎగువ గ్రామమున పురుగుమందు డబ్బాను కాలువలో కడిగినచో దాని ఫలము దిగువ గ్రామము అనుభవించును. చేపల చెరువులనుండి వదలిన నీరు, పట్టణపు మురుగు, పొలమునుండి దిగిన మందు నీరు, ఇవన్నియు ఏదో యొక మంచినీటి చెరువు తూముదాక చేరగలవు. ప్రతి ఊరును ఒకరికి దిగువనుండి మరియొకరికి ఎగువననున్నది. కనుక స్ప్రేయరులను, ఖాళీ డబ్బాలను కాలువగట్టున కడుగరాదని పంచాయతీ తీర్మానించి అమలుజరుపుట దిగువవారికి చేయు ఉపకారము మాత్రమే గాదు. ఎగువవారినుండి అదే మర్యాదను కోరుటకు అర్హత సంపాదించుట.

క్లోరిన్ చేయునది, చేయలేనిది

మంచి బ్లీచింగు పౌడరులో మూడవవంతు వరకు క్లోరిన్ ఉండును. 1,000 లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాముల పౌడరు సాధారణముగా చాలును. దానిని ముందుగా బక్కెటులో కొద్దినీటితో ముద్దగా కలిపి, తరువాత మరికొంత నీరు పోసి, సున్నము అడుగున పేరుకొన్న పిమ్మట పైతేటను మాత్రమే ట్యాంకులో పోయవలెను. అరగంట గడువనిచ్చి నీరు వదలవలెను. మూత తీసియుంచిన బస్తాలోని పౌడరు గాలికి, తేమకు బలము కోల్పోవును. అట్టి పౌడరును ఎంత చల్లినను ప్రయోజనము స్వల్పము. చల్లితిమనుటకు రుజువు బస్తాల లెక్క కాదు. చివరి వీధిలోని చివరి కుళాయివద్ద నీటిలో మిగిలిన క్లోరిన్. అది లీటరునకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గరాదు. క్లోరోస్కోపుతో ఒక్క నిమిషములో దీనిని చూడవచ్చును.

క్లోరిన్ కలరా, టైఫాయిడు, విరేచనములు కలిగించు క్రిములను చంపును. కాని సీసమును, పాదరసమును, పురుగుమందును అది తొలగింపలేదు. నీటిని కాచినను సీసము, పాదరసము పోవు. పురుగుమందు పూర్తిగా పోవునన్న భరోసా లేదు. ఏలూరు ఉదంతమున ప్రతి పంచాయతీయు గ్రహింపవలసిన విషయమిదియే. నీరు తేటగా నున్నది, క్లోరిన్ వాసన వచ్చుచున్నది అను రెండు గుర్తులు చాలవు. భారత ప్రమాణముల సంస్థ నిర్ణయించిన ఐ.ఎస్. 10500 ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో సీసము లీటరునకు 0.01 మిల్లీగ్రామును, పాదరసము 0.001 మిల్లీగ్రామును మించరాదు. ఇట్టి సూక్ష్మ పరిమాణములను కంటితోగాని నాలుకతోగాని కనుగొనుట అసాధ్యము. ప్రయోగశాల పరీక్ష యొక్కటే మార్గము.

2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ క్రింద గ్రామమునకు అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ నిచ్చు ఏర్పాటు జరిగినది. ఆ పెట్టెలోని పరీక్షలు గ్రామముననే చేయవచ్చును. లోహములు, పురుగుమందుల పరీక్షకు మాత్రము నమూనాను ప్రయోగశాలకు పంపవలెను. చెరువు నింపుటకు ముందొకసారి, వానలు పడిన తరువాత నొకసారి పంపి, ఫలితమును తేదీతో సహా పంచాయతీ కార్యాలయమున పుస్తకములో అతికించియుంచినచో, అదియే ఆ ఊరి నిన్నటి లెక్క యగును.

సేవల అమరిక

మన దేశమున ఆరోగ్య సేవలు మెట్లుగా నేర్పడియున్నవి. 1946లో భోర్ సంఘము సమర్పించిన నివేదిక ఈ అమరికకు పునాది. మైదాన ప్రాంతములలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రము, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, 1,20,000 జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రము ఉండవలెనని జాతీయ ప్రమాణము. వాని పైన తాడేపల్లిగూడెములోని ఏరియా ఆసుపత్రివంటివి, ఇంకను పైన ఏలూరు ప్రభుత్వాసుపత్రి. 2023లో ఏలూరున ప్రభుత్వ వైద్య కళాశాలయు ప్రారంభమైనది.

2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ కార్యక్రమము క్రింద ఉపకేంద్రములను విస్తరించి, మందులు, పరీక్షలు అచ్చటనే లభించునట్లు ఏర్పాటు చేసిరి. జాతీయ జాబితా ప్రకారము ఉపకేంద్ర స్థాయిలో 106 రకముల మందులు, 14 పరీక్షలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున 172 రకముల మందులు, 63 పరీక్షలు లభింపవలెను. ఈ సంఖ్యలను సభ్యులు గుర్తుంచుకొనుట మేలు. రక్తపోటు మాత్రలకు కూలి మానుకొని ఏలూరు పోవలసిన అవసరము రాకుండుటకే ఈ మెట్లన్నియు ఏర్పడినవి. క్రింది మెట్టు విరిగినచో పైమెట్టుపై బరువు పడును. పెద్దాసుపత్రిలో వరుసలు పెరుగును.

అత్యవసరమునకు 108 వాహనము 2005లో, పేదలకు ఖరీదైన శస్త్రచికిత్సలు ఉచితముగా చేయించు ఆరోగ్యశ్రీ 2007లో రాష్ట్రమున ప్రారంభమైనవి. ఆరోగ్యశ్రీకి 2024లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ యని పేరు మార్చిరి. పథకము క్రింద చేరిన రోగినుండి ఆసుపత్రివారు సొమ్ము అడిగినచో, అచ్చటి సహాయకునికి తెలిపి, 104 సంఖ్యకు ఫిర్యాదు చేయవచ్చునని ప్రతి కుటుంబమునకు తెలియజేయుట సభ్యుల పని.

పర్యవేక్షణ యనగానేమి?

పర్యవేక్షణ యనగా అధికారము చెలాయించుట కాదు. వైద్యుని కుర్చీవద్ద నిలిచి మందు వ్రాయించుట కాదు. రోగుల పేర్లు, వ్యాధులు అడిగి తెలిసికొనుట అసలే కాదు. సేవకు కావలసిన వస్తువులు, మనుష్యులు, పనిగంటలు సక్రమముగా నున్నవా అని నియమముగా విచారించుటయే పర్యవేక్షణ. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, గ్రామమునకు ఆరోగ్య, పారిశుద్ధ్య సంఘమును ఏర్పాటు చేయించి, దానిని పంచాయతీ ప్రతినిధుల నాయకత్వమున ఉంచినది. స్థానికావసరములకు సంవత్సరమునకు 10,000 రూపాయల నిధిని అప్పట్లో నిర్ణయించినది. ఆసుపత్రులకు అభివృద్ధి సంఘములు ఏర్పడినవి. వానిలో ప్రజాప్రతినిధులకు స్థానము కలదు.

ఇట్టి ఏర్పాటు మన దేశమునకే పరిమితము కాదు. దక్షిణాఫ్రికాలో 2003 నాటి జాతీయ ఆరోగ్య చట్టము ప్రతి క్లినిక్కునకు ఒక సంఘమును నిర్దేశించి, అందు స్థానిక సభ్యుడు, క్లినిక్ అధిపతి, ప్రజల ప్రతినిధులు ఉండవలెనని విధించినది. అయినను చట్టము వ్రాసినంత మాత్రమున పర్యవేక్షణ జరుగదు. ఆ దేశమున అతిపెద్ద నగరమైన జోహాన్నెస్‌బర్గ్‌లో జరిగిన విషాదమే యిందుకు నిదర్శనము.

ఆ నగరమున్న గౌటెంగ్ రాష్ట్రపు ఆరోగ్యశాఖ, ఖర్చు తగ్గించు కారణమును చూపి, లైఫ్ ఎసిడిమేని అను సంస్థతో చిరకాలముగా నున్న ఒప్పందమును 2015లో రద్దుచేయ నిశ్చయించినది. అచ్చట చికిత్స పొందుచున్న మానసిక రోగులను, వేయిమందికి మించినవారిని, 2016లో త్వరత్వరగా స్వచ్ఛంద సంస్థల గృహములకు తరలించిరి. ఆ 27 సంస్థలలో ఒక్కదానికిని చెల్లుబాటగు అనుమతి లేదని పిమ్మట తేలినది. తగిన ఆహారము, సంరక్షణ లేక రోగులు మరణించిరి. 2016 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభలో ఒక సభ్యుడు ప్రశ్న వేయగా, 36 మంది మరణించిరని మంత్రి సమాధానము చెప్పిరి. తరువాత ఆరోగ్య అంబుడ్స్‌మన్ విచారణ జరిపి, మృతులు 36 గారు, కనీసము 94 మంది యని 2017 ఫిబ్రవరిలో వెల్లడించెను. తుదకు ఆ సంఖ్య 144కు చేరినది.

ఆ మరణములు జరుగుచున్నపుడు కార్యాలయములు నడుచుచునే యున్నవి. ఉత్తరువులు వెలువడుచునే యున్నవి. లేనిదల్లా గృహములకు పోయి, అనుమతిపత్రమేది, అన్నమేది, మందేది అని అడుగు నాథుడు. శాసనసభ్యుని ప్రశ్నయొక్కటి మూసిన తలుపు తెరచినది; అయితే అది అప్పటికే ఆలస్యమైన ప్రశ్న. పంచాయతీ సభ్యుని ప్రశ్న అంతకంటె ముందుగా పుట్టవలెను.

నెలకొకసారి అడుగవలసిన ప్రశ్నలు

ఈ క్రింది ప్రశ్నలకు వైద్యశాస్త్ర పరిజ్ఞానము అక్కరలేదు. నెలకొక దినము నిర్ణయించుకొని, ఇద్దరు సభ్యులు కలిసి విచారించి, సమాధానములను పంచాయతీ పుస్తకమున వ్రాయవలెను.

1. చివరి కుళాయివద్ద క్లోరిన్ ఎంత యున్నది? ఓవర్‌హెడ్ ట్యాంకును చివరిసారి ఎప్పుడు కడిగిరి? తేదీ ట్యాంకుపై వ్రాసియున్నదా?

2. ప్రయోగశాలకు నమూనా పంపినది ఎన్నడు? ఫలితము వచ్చెనా? రానిచో ఎవరికి జ్ఞాపకము చేయబడినది?

3. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని? ఖాళీయైనది ఎన్నడు?

4. పాముకాటు విరుగుడు మందు ఎన్ని సీసాలున్నవి? విషము సోకిన రోగికి తొలి మోతాదునకే పది సీసాల వరకు కావలసియుండును. బీరువాలో రెండు సీసాలున్నచో మందు ఉన్నట్లు లెక్క కాదు. పొలములు, చేపల చెరువులు, తుంగదుబ్బులు నిండిన కొల్లేటి గ్రామములకు ఈ ప్రశ్న ప్రాణప్రదమైనది.

5. కుక్కకాటు టీకా కలదా? చర్మములో వేయు పద్ధతిలో తొలిదినమున, ఆపై 3, 7, 28వ దినములలో టీకా పడవలెను. మధ్యలో సరుకు అయిపోయినచో మొదటి సూది శ్రమయు వృథా కాగలదు.

6. టీకాల రిఫ్రిజిరేటరు 2 డిగ్రీలనుండి 8 డిగ్రీల లోపల ఉన్నట్లు దినమునకు రెండుసార్లు నమోదు జరుగుచున్నదా? కరెంటు పోయినపుడు ఏర్పాటేమి?

7. ఈ నెల గ్రామ ఆరోగ్య, పోషణ దినము అంగన్‌వాడీలో జరిగినదా? గర్భిణులలో రక్తహీనత కలవారెందరు? వారికి ఇనుపధాతువు మాత్రలు అందెనా?

8. విరేచనములు, జ్వరములు, ఫిట్సు ఈ నెలలో అలవాటుకన్న హెచ్చుగా వచ్చినవా? ఒకే వీధిలో వచ్చినవా?

ఎనిమిదవ ప్రశ్నను స్వల్పముగా నెంచరాదు. ఒకే వారమున ఒకే వీధినుండి ముగ్గురు ఒకే విధమైన బాధతో వచ్చినచో, ఆశా కార్యకర్త ఆ మాట వైద్యాధికారికి అదే దినమున చెప్పవలెను. పంచాయతీ ఆ వీధి నీటిని అదే దినమున నమూనా పట్టవలెను. రెండు దినములు గడచిన తరువాత గొట్టములోని నీరు మారిపోవును. రుజువు దానితో కొట్టుకొనిపోవును.

సమాధానము దొరకని సందర్భమున విసుగుచెందరాదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద మందుల నిల్వ, ఖాళీలు, నీటి పరీక్షల ఫలితములు కోరవచ్చును. సాధారణముగా 30 దినములలో, ప్రాణమునకు సంబంధించిన విషయమైనచో 48 గంటలలో సమాచార మీయవలెనని ఆ చట్టము విధించుచున్నది. ఖాళీ పోస్టును గూర్చి పంచాయతీ చేసిన తీర్మానము, తేదీతో, సంఖ్యతో జిల్లా వైద్యాధికారికి చేరినచో, ఆ కేంద్రములోని సిబ్బందికిని అది బలమే. చాలీచాలని మందులతో పనిచేయు నర్సు పక్షమున మాటలాడుటయు పర్యవేక్షణలో భాగమే.

వరద కాలపు జాగ్రత్త

2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు పొంగి విజయవాడను ముంచినది. ఆ నీరు తుదకు చేరినది కొల్లేటికే. సరస్సు ఉబ్బి, చుట్టుపట్ల గ్రామములకు రాకపోకలు స్తంభించినవి. అట్టి సమయమున 108 వాహనము గట్టువరకే రాగలదు. కావున వానకాలమునకు ముందే లంక గ్రామముల పంచాయతీలు కొన్ని సంగతులు సిద్ధపరచుకొనవలెను. నెలలు నిండుచున్న గర్భిణుల జాబితా ఏ.ఎన్.ఎం. వద్దనుండి తెలిసికొని, వారిని ముందుగానే ఆసుపత్రి చేరువకు తరలించుటకు ఏర్పాటు చేయవలెను. రాత్రివేళ పడవ నడుపువారు ఎవరో నిర్ణయింపవలెను. రక్తపోటు, మధుమేహము, క్షయ రోగులకు నెలకు సరిపడు మందులు ముందే ఇప్పింపవలెను. వరద తగ్గిన తరువాత మంచినీటి చెరువు, గొట్టములు శుద్ధిచేసి పరీక్షించునంతవరకు ట్యాంకరు నీరే వాడవలెను.

ముగింపు

ఏలూరులో ఆ డిసెంబరు దినములలో ఢిల్లీ, హైదరాబాదు, నాగపూరులనుండి శాస్త్రజ్ఞులు వచ్చిరి, నమూనాలు తీసికొనిపోయిరి. అట్టి సహాయము ప్రతి గ్రామమునకు, ప్రతి జ్వరమునకు లభించునది కాదు. ప్రతి గ్రామమునకును లభించునది పంచాయతీ యొక్కటే. దాని చేతిలో క్లోరోస్కోపు, ఒక పుస్తకము, ఎనిమిది ప్రశ్నలు ఉన్నవి. వీనికగు ఖర్చు స్వల్పము, కావలసినది నియమము. వచ్చు నెల సమావేశపు ఎజెండాలో నీటి ఫలితములను, మందుల నిల్వను మొదటి అంశముగా చేర్చుటతో సభ్యులు ఈ పనికి శ్రీకారము చుట్టవచ్చును. కొల్లేటి గట్టుననున్న చిన్న పంచాయతీయైనను, నీటి లెక్కను నెలనెలా నిలుపుకొనినచో, తన ఊరినే గాక దిగువనున్న ఊళ్లనుగూడ కాపాడినదగును.